31 శాతం ఓట్లు, 15 సీట్లు

విజయవాడ, గుడివాడ, తెనాలి వైపు పెద్దవాళ్ళ దగ్గర పాత రాజకీయాలు కదిపితే 1955 ఎన్నికల గురించి ఒక మాట తప్పకుండా వస్తుంది: "ఆ ఏడు కమ్యూనిస్టులు తుడిచిపెట్టుకు పోయారు" అని. ఇందులో సగమే నిజం. తుడిచిపెట్టుకు పోయినవి సీట్లు. ఓట్లు ఎక్కడికీ పోలేదు.

అప్పటి ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో మొత్తం 196 స్థానాలు. కాంగ్రెసుకి 39 శాతం పైచిలుకు ఓట్లొస్తే 119 సీట్లు దక్కాయి. కమ్యూనిస్టు పార్టీకి 31 శాతం ఓట్లొస్తే దక్కినవి 15. పది శాతం ఓట్లు కూడా రాని కృషికార్ లోక్ పార్టీకి 22. ఇంకోసారి చదవండి. రాష్ట్రంలో రెండో పెద్ద పార్టీకి, దాని ఓట్లలో మూడో వంతు కూడా తెచ్చుకోని పార్టీ కంటే తక్కువ సీట్లొచ్చాయి. కాలిక్యులేటర్ తీసి లెక్కేస్తే, ఒక కమ్యూనిస్టు ఓటు విలువ కాంగ్రెసు ఓటు విలువలో ఆరో వంతు కూడా లేదు.

నేను కమ్యూనిస్టుని కాను. ఆ ఎన్నికల్లో ఎవరు గెలిస్తే బాగుండేదన్న చర్చ కూడా నాకొద్దు. నా బాధ ఆ లెక్క గురించి. ఎందుకంటే ఆ లెక్క 1955తో పోలేదు. అదే మిషను, అదే ఫార్ములా, మన ఎన్నికల్లో ఇప్పటికీ నడుస్తోంది. 2019లో ఒక పార్టీని, 2024లో ఇంకో పార్టీని నమిలింది. మధ్యలో డెల్టా రైతుల భూముల భవిష్యత్తుని అటోసారి ఇటోసారి విసిరింది. ఓటర్లు చెప్పినదాన్ని చట్టసభ ఉన్నదున్నట్టు వినాలంటే ఆ ఫార్ములా మారాలని నా వాదన. దానికి మన కృష్ణా డెల్టాని మించిన కేస్ స్టడీ నాకు కనబడలేదు.

1952: పంపకం కలిసొచ్చిన రోజులు

కథ మూడేళ్ళు వెనక్కి వెళ్ళి మొదలెట్టాలి. 1952లో మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. ఆ శాసనసభలో ఆంధ్ర ప్రాంతానికి 140 స్థానాలు. అందులో కమ్యూనిస్టులకి 41, కాంగ్రెసుకి 40. బెజవాడ పార్లమెంటు స్థానంలో కమ్యూనిస్టుల మద్దతుతో ఇండిపెండెంటుగా నిలబడి గెలిచింది ఎవరో తెలుసా? కవి హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ, సరోజినీ నాయుడి తమ్ముడు. తెలుగువాడు కాదు, డెల్టా మనిషీ కాదు. అయినా గెలిచాడంటే ఇక్కడ గాలి ఎటు వీచిందో అర్థమవుతుంది.

మరి ఓట్లో? ఆంధ్ర ప్రాంతంలో కమ్యూనిస్టులకి వచ్చినవి మొత్తం ఓట్లలో ఐదో వంతుకి కొంచెం అటూ ఇటూ. సీట్లు మాత్రం 29 శాతం. అంటే అప్పుడు ఈ ఫార్ములా వాళ్ళ వైపే మొగ్గింది. ఎందుకంటే ఎదుటి ఓటు చీలిపోయింది. కాంగ్రెసు ఒకవైపు, ప్రకాశం పంతులుగారు ఉన్న కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ ఇంకోవైపు, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ మరోవైపు. నలుగురు పోటీలో ఉన్నచోట 30, 35 శాతం తెచ్చుకున్నవాడు కూడా ఎమ్మెల్యే అయిపోవచ్చు.

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఉండాలని కమ్యూనిస్టులు గట్టిగా పట్టుబట్టారు గానీ, 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాయలసీమ మాట నెగ్గింది. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. ఆ ప్రభుత్వం 1954 నవంబర్‌లో, మద్యనిషేధం గొడవ మీద, ఒకే ఒక్క ఓటు తేడాతో అవిశ్వాస తీర్మానంలో పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు.

1955: ఓట్లు పెరిగాయి, సీట్లు ఎగిరిపోయాయి

ఈసారి కాంగ్రెసు పాత పొరపాటు చెయ్యలేదు. రంగాగారినీ, ప్రకాశంగారినీ కలుపుకుని ఐక్య కాంగ్రెస్ ఫ్రంట్ కట్టింది. బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్‌ని దింపింది. అదే జనవరిలో ఆవడి మహాసభలో కాంగ్రెసు "సోషలిస్టు తరహా సమాజం" తన లక్ష్యమని తీర్మానించి కమ్యూనిస్టుల నినాదం సగం లాగేసుకుంది. పైగా జనవరి 26న మాస్కో ప్రావ్దా పత్రిక నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాస్తే, కాంగ్రెసు వాళ్ళు దాన్నే కరపత్రంలా వాడుకున్నారు. మీ దేవుడే మా పూజారిని మెచ్చుకుంటుంటే ఇంక మీరెందుకు అన్నట్టు! ఇటు ఆంధ్రప్రభలో నార్ల వెంకటేశ్వరరావు కమ్యూనిస్టుల మీద నిప్పులు చెరిగారు. అటు శ్రీశ్రీ కమ్యూనిస్టుల తరఫున ఊరూరా తిరిగారు. ఒక రాష్ట్ర ఎన్నిక కోసం ఇంత హడావుడి అప్పటిదాకా ఎవరూ చూసి ఉండరు.

అమెరికన్ పాత్రికేయుడు సెలిగ్ హారిసన్ 1956లో ఆంధ్ర కమ్యూనిస్టుల గురించి ఒక వ్యాసం రాశాడు. ఇప్పటికీ దాన్ని ఉటంకించే వాళ్ళున్నారు. అతను చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది, మనవాళ్ళకి కొత్త కానిది, కులం. డెల్టాలో కమ్యూనిస్టు పార్టీ నాయకత్వంలో కమ్మవారే ఎక్కువ. 1955లో కాంగ్రెసు ఫ్రంటు కూడా అక్కడ కమ్మ అభ్యర్థుల్నే ఎదురు నిలబెట్టి ఆ బలాన్ని చీల్చింది. గమనించారా, రాష్ట్రంలో ఎంతమంది మనల్ని సమర్థిస్తున్నారన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ఈ నియోజకవర్గంలో ఎదుటివాడి కంటే ఒక్క ఓటు ఎక్కువ ఎలా లాగాలన్నదే ప్రశ్న. అది తేల్చడానికి కులాన్ని మించిన పనిముట్టు దొరకదు. టిక్కెట్లకి ముందు పేపర్లలో వచ్చే "సామాజిక సమీకరణాలు" అన్న మాటకి మూలం కొంత ఈ ఫార్ములాలోనే ఉంది.

ఫలితం మొదట్లోనే చెప్పాను. కమ్యూనిస్టుల ఓటు శాతం 1952 కంటే బాగా పెరిగింది. ఈసారి వాళ్ళు చాలా ఎక్కువ స్థానాల్లో నిలబడ్డారు కాబట్టి ఆ పెరుగుదలంతా ఆదరణ పెరగడం వల్లే అనలేం. కానీ తగ్గలేదన్నది మాత్రం ఖాయం. సీట్లు 41 నుంచి 15కి పడ్డాయి. విజయవాడలో కాంగ్రెసు తరఫున అయ్యదేవర కాళేశ్వరరావు గెలిచారు. మన కాళేశ్వరరావు మార్కెట్ ఆయన పేరు మీదదే. ఆ తర్వాత ఏడాది ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్‌కి ఆయనే తొలి స్పీకరు. కమ్యూనిస్టుల్లో మిగిలిన పదిహేను మందిలో గన్నవరం నుంచి పుచ్చలపల్లి సుందరయ్య ఒకరు. బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. దామాషా పద్ధతి ఉన్నా 1955లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చేవాళ్ళు కాదు. ఫ్రంటులోని మూడు పార్టీలకీ కలిపి దాదాపు సగం ఓట్లొచ్చాయి. ప్రభుత్వం వాళ్ళదే అయ్యేది. మారేది ప్రతిపక్షం. 196లో 31 శాతమంటే 61 సీట్లు. పదిహేను మంది అరిస్తే సభ వినకపోయినా నడుస్తుంది. అరవై ఒక్క మంది లేచి నిలబడితే బిల్లులో కామా మార్చడానికైనా ముఖ్యమంత్రి కూర్చుని మాట్లాడాల్సిందే.

బగ్గా, ఫీచరా?

ఇదెలా జరుగుతుందో మన భాషలో చెప్పుకుందాం. పది నియోజకవర్గాలు ఉన్నాయనుకోండి, ఒక్కోదాంట్లో వంద ఓట్లు. ప్రతిచోటా అ పార్టీకి 52, ఆ పార్టీకి 48. మొత్తం మీద 520, 480. సీట్లో? 10, 0. ప్రతి నియోజకవర్గంలోనూ 48ని సున్నాకి రౌండ్ చేసేశాం. ఏ ప్రోగ్రాములోనైనా లెక్క చివర్లో ఒక్కసారి రౌండ్ చెయ్యాలి గానీ ప్రతి స్టెప్పులోనూ చేస్తే ఎర్రర్ పేరుకుపోతుందని మొదటి సంవత్సరం కుర్రాడికి కూడా చెప్తాం. మన ఎన్నికల్లో 175 సార్లు, 543 సార్లు రౌండ్ చేసి, చివర్లో వచ్చినదాన్ని "ప్రజా తీర్పు" అంటున్నాం.

దీంట్లో ఇంకో తమాషా ఉంది. మీకు ఎన్ని ఓట్లొచ్చాయన్నది ఒక్కటే కాదు, ఎక్కడ వచ్చాయన్నది కూడా లెక్కే. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజారాజ్యానికి 16 శాతం పైన ఓట్లొచ్చాయి, రాష్ట్రమంతా పరుచుకుని. సీట్లు 294లో 18. టీఆర్ఎస్‌కి 4 శాతం ఓట్లు, ఒకే ప్రాంతంలో. సీట్లు 10. అంతకు ముందు 1984 లోక్‌సభ ఎన్నికల్లో దేశవ్యాప్తంగా 7 శాతం పైన ఓట్లు తెచ్చుకున్న బీజేపీకి రెండంటే రెండు సీట్లు. అందులో ఒకటి మన హన్మకొండ, అక్కడ పి.వి. నరసింహారావుని చందుపట్ల జంగారెడ్డి ఓడించారు. దేశం లెక్కలో 4 శాతం ఓట్లు మాత్రమే ఉన్న తెలుగుదేశానికి 30 సీట్లు. అది లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షం అయిపోయింది. తెలుగువాళ్ళుగా మనకి గర్వంగానే ఉంటుంది. లెక్క మాత్రం లెక్కే.

మన కాలానికొస్తే

రాష్ట్ర విభజన తర్వాత జరిగిన మూడు ఎన్నికల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 175 స్థానాల సభ.

2014లో తెలుగుదేశానికీ వైఎస్ఆర్ కాంగ్రెసుకీ ఇద్దరికీ 45 శాతానికి అటూ ఇటూగా ఓట్లు, తేడా అర శాతం కూడా లేదు. సీట్లు 102, 67.

2019లో వైఎస్ఆర్ కాంగ్రెసుకి 49.95 శాతం, 151 సీట్లు. తెలుగుదేశానికి 39.2 శాతం, 23 సీట్లు.

2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 55 శాతం, 164 సీట్లు. వైఎస్ఆర్ కాంగ్రెసుకి 39.4 శాతం, 11 సీట్లు.

2019లో ఓడినవాళ్ళకీ, 2024లో ఓడినవాళ్ళకీ వచ్చిన ఓట్ల శాతం దాదాపు ఒకటే చూడండి. ప్రతి పదిమందిలో నలుగురు. ఒకసారి వాళ్ళకి 23, ఇంకోసారి 11. మీరు ఏ పార్టీ అభిమాని అయినా సరే, ఈ రెండింట్లో ఒకదాన్ని చూసి పండగ చేసుకుని రెండోదాన్ని చూసి కుమిలిపోయి ఉంటారు. రెండూ ఒకే జబ్బు అని నేనంటున్నాను.

మా డెల్టా అయితే మరీను. ఉమ్మడి కృష్ణా జిల్లాలో 16 అసెంబ్లీ స్థానాలు. 2019లో తెలుగుదేశానికి రెండు మిగిలాయి: విజయవాడ తూర్పు, గన్నవరం. 2024లో వైఎస్ఆర్ కాంగ్రెసుకి అవి కూడా మిగల్లేదు, సున్నా. 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు బోండా ఉమామహేశ్వరరావు మీద గెలిచింది ఎన్ని ఓట్లతోనో గుర్తుందా? 25. ఒక అపార్టుమెంటు వాళ్ళు ఆ రోజు సినిమాకి పోయుంటే ఫలితం మారేది. గెలిచినాయన తప్పేం లేదు. కానీ ఆ నియోజకవర్గంలో రెండోవైపు ఉన్న అన్ని వేల ఓట్లూ ఆ రాత్రికి లెక్కలోంచి మాయమయ్యాయి.

"అయితే ఏంటంట? ఆటలో గెలుపోటములు మామూలే కదా" అనొచ్చు. ఆటయితే మామూలే. ఇది ఆట కాదనడానికి అమరావతి ఒక్కటి చాలు.

2015 అక్టోబర్ 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. కృష్ణ ఒడ్డున రైతులు 33 వేల ఎకరాల పైచిలుకు భూమిని ల్యాండ్ పూలింగులో ఇచ్చారు. 2014కీ 2019కీ మధ్య తెలుగుదేశం ఓటు తగ్గింది ఆరు శాతం లోపే. వైఎస్ఆర్ కాంగ్రెసు ఓటు పెరిగింది ఐదు శాతం పైన. సభలో మాత్రం 102, 67 కాస్తా 23, 151 అయ్యింది. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల ప్రకటన. 2020 జనవరిలో ఆ బిల్లుల్ని శాసనమండలి సెలెక్ట్ కమిటీకి పంపితే, అయిదు రోజులు తిరక్కుండానే అసలు మండలినే రద్దు చెయ్యమని అసెంబ్లీ తీర్మానం చేసేసింది. రాజ్యాంగం 169వ అధికరణం ప్రకారం అలాంటి తీర్మానానికి సభలో ఓటేసినవాళ్ళలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. సగం ఓట్లొచ్చిన పార్టీకి సభలో 86 శాతం బలముంది కాబట్టి అది చిటికెలో పని. 2021 నవంబర్‌లో మూడు రాజధానుల చట్టమూ వెనక్కి పోయింది, మండలి రద్దు తీర్మానమూ వెనక్కి పోయింది. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు. 2024లో ప్రభుత్వం మారింది. 2025 మే 2న అదే అమరావతిలో ప్రధాని చేత మళ్ళీ పనుల ప్రారంభం.

రాజధాని ఎక్కడ ఉండాలన్న దానిమీద మీకూ నాకూ అభిప్రాయం తేడా ఉండొచ్చు. కానీ పదేళ్ళలో ఒకే ఊరికి రెండుసార్లు మొదలెట్టడమేంటి? ఓటరు మనసు ఐదారు శాతం అటూ ఇటూ కదిలింది. రాష్ట్రం మాత్రం నూట ఎనభై డిగ్రీలు తిరిగింది, మళ్ళీ వెనక్కి తిరిగింది. 2019లో దామాషా పద్ధతి ఉండుంటే కూడా ప్రభుత్వం వైఎస్ఆర్ కాంగ్రెసుదే అయ్యేది, అందులో సందేహం లేదు. కానీ బొటాబొటీ మెజారిటీతో, ఎదురుగా 68 మంది కూర్చుని ఉంటే, ఇంత పెద్ద నిర్ణయం నలుగురితో మాట్లాడకుండా జరిగేదా? అలాగే 2024 తర్వాత ప్రతి పదిమందిలో నలుగురు ఓటేసిన పార్టీ నాయకుడు, సభలో పదో వంతు బలం లేదన్న ఆనవాయితీ వల్ల, ప్రతిపక్ష నేత హోదా కోసం హైకోర్టు మెట్లెక్కాడు. 1955లో 196కి 15 అన్నా పదో వంతు లేనట్టే. డెబ్బై ఏళ్ళు దొర్లినా ఉన్నచోటే ఉన్నాం.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు

శ్రీలంకలో 1977 ఎన్నికలు చూస్తే మన 1955కి కవలపిల్లలా ఉంటుంది. యునైటెడ్ నేషనల్ పార్టీకి 51 శాతం ఓట్లతో 168లో 140 సీట్లు. శ్రీలంక ఫ్రీడమ్ పార్టీకి 30 శాతం ఓట్లతో 8 సీట్లు. ఆరింట అయిదు వంతుల బలంతో జయవర్ధనే 1978లో కొత్త రాజ్యాంగం రాసేసుకున్నాడు. 1982లో అసలు ఎన్నికలే పెట్టకుండా రెఫరెండంతో పార్లమెంటు గడువు పొడిగించేశాడు. ఇందులో విచిత్రమేంటంటే, ఆ 1978 రాజ్యాంగమే అక్కడ దామాషా పద్ధతిని తెచ్చింది.

న్యూజిలాండ్‌ది ఇంకా ముచ్చటైన కథ. 1978లోనూ 1981లోనూ ఎక్కువ ఓట్లొచ్చిన లేబర్ పార్టీ ఓడిపోయి, తక్కువ వచ్చిన నేషనల్ పార్టీ గెలిచింది. జనానికి విసుగొచ్చి 1993 రెఫరెండంలో పద్ధతే మార్చేశారు. 1996 నుంచి అక్కడ ఓటరుకి రెండు ఓట్లు: ఒకటి తన నియోజకవర్గం అభ్యర్థికి, రెండోది పార్టీకి. జర్మనీలో 1949 నుంచీ ఇలాంటి మిశ్రమ పద్ధతే. మన పక్కన నేపాల్‌లో కూడా 275లో 165 మంది నియోజకవర్గాల నుంచి, 110 మంది పార్టీ ఓట్ల దామాషా మీద వస్తారు.

మన రాజ్యాంగ సభలో కూడా ఈ చర్చ జరిగింది. 1949 జనవరిలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ దామాషా పద్ధతి కావాలని సవరణ పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన ప్రధాన కారణాలు రెండు: అక్షరాస్యత తక్కువ ఉన్న దేశంలో ఆ పద్ధతి కష్టం, ప్రభుత్వాలు నిలకడగా ఉండవు. 1951లో దేశంలో అక్షరాస్యత 18 శాతం. ఆ రోజుకి ఆయన మాట సబబే. కానీ ఫోనులో డబ్బులు పంపుకునే మన కూరగాయల మామ్మకి రెండు బటన్లు నొక్కడం రాదంటే ఇవాళ ఎవరూ నమ్మరు. లోక్‌సభకీ అసెంబ్లీకీ ఒకేరోజు రెండు మిషన్ల మీద మనవాళ్ళు నొక్కుతూనే ఉన్నారు కదా.

"కానీ..." అనేవాళ్ళకి

మొదటి అభ్యంతరం నిలకడ. ప్రకాశంగారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోవడం మనవాళ్ళ మనసులో బాగా నాటుకుంది. కానీ ఆ సభ కూడా ఇదే ఫార్ములాతో ఎన్నికైనదే. 1983లో ఎన్టీఆర్‌కి 294లో 201 సీట్లొచ్చాయి. 1984 ఆగస్టులో ఆయన్ని దించేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టడానికి ఆ 201 ఏమన్నా అడ్డొచ్చిందా? నెల తర్వాత ఆయన తిరిగొచ్చింది జనం రోడ్డెక్కబట్టి. ప్రభుత్వాలు పడిపోకపోతే చాలదు, విధానాలు కూడా నిలవాలి. అమరావతి విషయంలో ప్రభుత్వాలు ఐదేసేళ్ళు పూర్తి చేసుకున్నాయి, విధానమే నిలవలేదు.

రెండోది, "మా ఎమ్మెల్యే ఎవరో మాకు తెలియాలి". న్యాయమైన మాట. కాలవకి నీళ్ళు రాకపోతే, రోడ్డు కొట్టుకుపోతే ఎవరి ఇంటి ముందు కూర్చోవాలో తెలియాలి. అందుకే నేను నియోజకవర్గాల్ని తీసెయ్యమనట్లేదు. వాటి పక్కన ఇంకొన్ని సీట్లు పెట్టమంటున్నాను.

మూడోది, పార్టీ లిస్టు అంటే అధినేత బంధువులు, బ్యాగులు మోసుకొచ్చేవాళ్ళు. నిజమే, ఆ ప్రమాదం ఉంది. కానీ ఇప్పుడు బీ-ఫారాలు ఎవరి చేతిలో ఉన్నాయి? లిస్టు పద్ధతిలో కనీసం ఆ పేర్లన్నీ వరస నంబర్లతో సహా ముందే బయటపెట్టాలి. మొత్తం రాష్ట్రం చూస్తుంది.

నాలుగోది, నా లెక్కలకే అభ్యంతరం: పద్ధతి మారితే జనం ఓటేసే తీరు కూడా మారుతుంది కాబట్టి పాత శాతాలతో కొత్త సీట్లు లెక్కెయ్యకూడదు. కరెక్టే. కానీ అది కూడా నా వైపు వాదనే. "ఓటు వేస్ట్ అయిపోతుంది" అని భయపడి నచ్చినవాడికి కాకుండా గెలిచేవాడికి వేసే ఓట్లు ఎన్నో. 2009లో లోక్‌సత్తాకి కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ ఒక్కరే గెలిచారు. ఆ రోజు హైదరాబాద్ ఆఫీసు క్యాంటీన్లలో "మంచోడే గానీ గెలవడు కదా" అన్నవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు, నాకూ తెలుసు.

ఆ యాభై సీట్లు

ఇదంతా ఊహాలోకం కాదు. 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో సరిగ్గా ఇలాంటి మిశ్రమ పద్ధతినే పరిశీలించి సిఫార్సు చేసింది. లోక్‌సభలో ఉన్న సీట్లు అలాగే ఉంచి, పాతిక శాతం అంటే సుమారు 138 సీట్లు అదనంగా పెట్టి, వాటిని పార్టీల ఓట్ల దామాషా మీద నింపమంది. ఆ కమిషన్ ఛైర్మన్ మన తెలుగువారే, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. నివేదిక అటక మీద ఉంది.

దాన్ని దించే అవకాశం మనకే, తెలుగువాళ్ళకే, ముందుంది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీని 175 నుంచి 225కి, తెలంగాణని 119 నుంచి 153కి పెంచమంది. ఆ పెంపు రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి జరగాలి. దాని ప్రకారం 2026 తర్వాతి మొదటి జనగణన దాకా ఆగాలి. ఇప్పుడే పెంచమని వేసిన పిటిషన్‌ని 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. సరే, ఆగుదాం. కానీ ఆ 50 సీట్లు వచ్చినప్పుడు ఏం చేస్తాం? మామూలుగా అయితే నియోజకవర్గాల్ని ముక్కలు చేసి ఇంకో యాభైమంది ఎమ్మెల్యేల్ని తయారుచేస్తాం. అలా కాకుండా 175నీ అలాగే ఉంచి, ఆ 50నీ ఓట్ల దామాషాకీ సీట్లకీ మధ్య తేడా పూడ్చడానికి వాడితే?

2024 ఓట్లతో చూద్దాం. న్యూజిలాండ్ తరహాలో, ఎవరికి రావాల్సినవి తగ్గాయో వాళ్ళకే ఇస్తూ పోతే, ఆ 50 వైఎస్ఆర్ కాంగ్రెసుకే వెళ్తాయి. సభ 164, 61 అవుతుంది. ప్రభుత్వం అదే, ముఖ్యమంత్రి అదే, నాలుగింట మూడు వంతులకి దగ్గర బలం అలాగే ఉంది. కానీ ఎదురుగా అడగడానికి 61 మంది ఉన్నారు. 2019 ఓట్లతో చేస్తే అందులో ఎక్కువ భాగం తెలుగుదేశానికీ, కొన్ని జనసేనకీ పోతాయి. ఏ పార్టీకి లాభమో ముందే చెప్పలేని రూలు కంటే మంచి రూలు ఇంకేముంటుంది?

దీనికి రాజ్యాంగ సవరణ కావాలి. సభ్యులంతా నియోజకవర్గాల నుంచే నేరుగా ఎన్నిక కావాలని 170వ అధికరణం అంటుంది, లోక్‌సభకి 81 కూడా దాదాపు అదే చెప్తుంది. సవరణంటే గెలిచిన పార్టీ చెయ్యాలి, గెలిచినవాడికి ఈ ఫార్ములా మీద కోపం ఉండదు. ఉన్న చిక్కల్లా అక్కడే ఉంది. ఒకే ఒక్క ఆశ ఏంటంటే, 2014 నుంచి 2024 లోపల ఆంధ్రప్రదేశ్‌లో రెండు పెద్ద పార్టీలూ ఈ మిషను కింద పడి నలిగినవే. రెండింటికీ నొప్పి తెలుసు.

పునర్విభజన అనగానే దక్షిణాదికి ఎన్ని సీట్లు తగ్గుతాయన్నదే మనవాళ్ళందరూ మాట్లాడుతున్నారు. మాట్లాడాల్సిందే. కానీ ఎన్ని సీట్లు అన్నదానితో పాటు, ఆ సీట్లు ఎలా నింపుతారని కూడా మీ ఎంపీని, మీ ఎమ్మెల్యేని ఒకసారి అడగండి. 1955లో ఓటేసిన ప్రతి పదిమందిలో ముగ్గురి మాట సభలో పదమూడో వంతు గొంతుతో వినబడింది. 2024లో పదిమందిలో నలుగురి మాట పదహారో వంతు గొంతుతో వినబడింది. డెబ్బై ఏళ్ళలో లెక్క బాగుపడకపోగా ఇంకాస్త చెడింది. దీన్ని ఇంకో ఎన్నికకి అలాగే మోసుకెళ్ళడం మనకి అవసరమా?